సూదమ్మ మౌనసంగ్రామము

సహస్రకిరణుడు దినమంతయు ఉద్యోగము చేసిన గుమాస్తావలె సొమ్మసిల్లి పడమటి మేడల వెనుకకు జారుకొనుచుండగా, ఆఫీసుల నుండి వెలువడిన జనప్రవాహము గొడుగులతో, చేతిసంచులతో, ఖాళీ క్యారేజీలతో వీధులను ముంచెత్తుచుండగా, ఇంటింటి వంటగదులలో కుక్కరులు విజయశంఖములవలె ఈలలు పూరించుచుండగా, మూడంతస్తుల మేడలు ఒకదాని భుజముపై నొకటి వాలినట్లు నిలిచిన ఒకానొక ఇరుకు వీధియందు, క్రింది అంతస్తులోని ముందుగదిలో, కుట్టుమిషనుకు ఎదురుగా, దారపుముక్కలు అంటుకొనిన చెక్కబల్లపై, టెలివిజను అను మాయాదర్పణము భగ్గున వెలిగెను.

ఆ వెలుగునందు జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, వినుడు. ఇందు ఏనుగులు లేవు, గుఱ్ఱములు లేవు. రక్తపాతము గుండుసూది మొనంత మాత్రమే కలదు. ఐనను వీరత్వమునకు కొఱత లేదు.

ఈ గాథకు నాయిక సూదమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేఱొకటి కలదు గాని, దానిని ఆమె భర్తయే మరచి చిరకాలమైనది. చేతిలోని సూదివలననో నోటిలోని సూదివలననో తెలియదు, వీధివీధంతయు ఆమెను సూదమ్మ యనియే పిలుచును. వృత్తిచే ఆమె టైలరు. ప్రవృత్తిచే సీరియళ్ళకు న్యాయాధిపతి. ప్రతిదినము సాయంకాలము గౌనుల అంచులు మడుచుచు ఎపిసోడు చూచుట, మఱునాడు ఉదయము బట్టలకై వచ్చినవారికి తీర్పు చెప్పుట ఆమె నిత్యవ్రతము. కొలతలు ఇచ్చుటకు వచ్చినవారు కొలతలు మరచి తీర్పు పట్టుకొని పోయిన దినములును కలవు.

ఆ తీర్పులలో నాన్చుడు లేదు. ఒకనాడు ఎదురింటి లెక్కల టీచరు, "నిన్న ఊళ్ళో లేను వదినా, ఎపిసోడ్‌లో ఏం జరిగింది?" అని యడుగగా, సూదమ్మ మిషను ఆపకయే, "కాఫీ చల్లారింది," అని చెప్పెను.

"అంతేనా?"

"అంతే. అత్తగారు కప్పు ఎత్తింది, కోడలు చూసింది, కోడల్ని పనిమనిషి చూసింది, పనిమనిషిని గోడ మీద ఫోటో చూసింది. కప్పు ఇంకా నోటిదాకా రాలేదు. రేపు వస్తుందేమో."

మఱియొకనాడు, మెట్లపై జారిపడి గతము మరచిన కథానాయకుడు అవే మెట్లపై మరల జారిపడి గతము జ్ఞప్తికి తెచ్చుకొనగా, "మెట్లే అంత బాగా వైద్యం చేస్తుంటే మా అమ్మాయిని నర్సు చదువు ఎందుకు చదివించామో," అని నిట్టూర్చెను. అవును, ఆమె ఏకైక పుత్రిక పెద్దాసుపత్రిలో నర్సు.

ఇట్టి నిష్కపట వాక్కే ఆ యింట కలతకు మూలమైనది. ఎట్లనిన, ఆ పుత్రిక భర్త, అనగా సూదమ్మకు అల్లుడు, పగలెల్ల కళ్ళజోళ్ళ దుకాణమున నిలబడి వచ్చినవారి ముక్కులపై ఫ్రేములు నిలుపుచు, సెలవుదినములలో ముఖమునకు రంగు పూసికొని నాటకములాడు కళాపిపాసి. క్రిందటి యేడు అతడు రాజువేషము వేసిన నాటకమును చూడ అత్తమామలను పిలిచెను. నాటకము ముగిసినది. హాలు బయట స్నేహితులందఱు చుట్టును నిలిచియుండగా, ఇంకను చెవిప్రక్కన రంగు తుడుచుకొనని ఆ నటుడు, "ఎలా ఉంది అత్తయ్యగారూ?" అని అమాయకముగా అడిగెను.

సూదమ్మ ఆలోచించినది. ఆలోచించియే పలికినది. "తెర బాగా లేచింది. బాగా దిగింది. మధ్యలో మీరు అడ్డొచ్చారు, అల్లుడుగారూ."

స్నేహితులు నవ్విరి. అల్లుడు కూడ నవ్వెను గాని, ఆ నవ్వు పెదవుల దగ్గఱనే ఆగిపోయెను. నాటినుండి అతడు భార్యను స్కూటరుపై వీధిమొగ వఱకు తెచ్చి దింపి, "పనుంది," అని వెనుదిరుగుట ఆరంభించెను. కూతురు ఒంటరిగా వచ్చుచుండెను. వచ్చిన ప్రతిసారి ఒక సాకు తెచ్చుచుండెను. దుకాణములో రద్దీ యనియు, తలనొప్పి యనియు, స్కూటరు బాగోలేదనియు. ఆ స్కూటరు చప్పుడు వీధిమొగన వినుచునే సూదమ్మ ఆ సాకులను విని, "అలాగా," అని ఊరకుండెను. లోన మాత్రము, తప్పు కొలతతో కత్తిరించిన గుడ్డను చూచినప్పటివలె, ఏదో చివుక్కుమనుచుండెను.

ఇట్లుండ నొకనాటి మధ్యాహ్నము పుత్రిక డ్యూటీ దిగి, యూనిఫారముతోనే వచ్చి, గుమ్మములోనే నిలిచి పలికెను.

"అమ్మా, ఆయనకి సీరియల్లో వేషం వచ్చింది."

"ఏ సీరియలు?"

"నువ్వు రోజూ తిట్టేదే."

"తిట్టేవి చాలా ఉన్నాయే."

"అనుబంధాల అంతస్తు. డాక్టరు వేషం. శుక్రవారం వేస్తారు. ఇక్కడికొచ్చి మీతో కూర్చుని చూస్తానంటున్నారు."

సూదమ్మ పాదము మిషను పెడలుపై ఆగిపోయెను. "ఎందుకు?"

"ఎందుకేంటమ్మా. నువ్వు బాగుందంటావేమోనని."

"బాగుంటే అంటాను."

"బాగుండకపోతే?"

కూతురు వచ్చి తల్లి ప్రక్కన కత్తిరింపు బల్లపై కూర్చుండి, ఒక గుడ్డపీలికను వేలికి చుట్టుకొనుచు, "బాగుందనీ వద్దు, బాగాలేదనీ వద్దు. ఎపిసోడ్ అయ్యేదాకా నోరు విప్పకు. ఈ గుమ్మం దాకా ఒక్కదాన్నే రావడం ఇక నావల్ల కాదమ్మా," అనెను.

అప్పుడు సూదమ్మ అంతరంగమున ఒక సింహనాదము పుట్టెను. 'ఓ పుత్రికా, వినుము. కత్తెర తన పదునును మరచునేని మరచుగాక, టేపు తన అంగుళములను తప్పునేని తప్పుగాక, నీ తల్లి జిహ్వ మాత్రము శుక్రవారపు సాయంకాలమున దంతప్రాకారమును దాటి వెలికి రాదు. గగనము సాక్షి. ఈ కుట్టుమిషను సాక్షి. ఇదియే నా భీషణప్రతిజ్ఞ.'

అని లోలోపల గర్జించి, పైకి, "సరేలేవే," అనెను.

ప్రతిజ్ఞ చేయుట సులభము. నిలుపుకొనుటకు ఆయుధము కావలయును. ఆ ఆయుధమును సూచించినవాడు ఆమె భర్త. ఆయన గడియారముల మెకానిక్కు. కంటికి అద్దము బిగించుకొని, చిన్న చక్రములతో తప్ప ఎవ్వరితోను ఎక్కువగా మాటలాడని మితభాషి. శుక్రవారము సాయంకాలము ఆయన తల యెత్తకయే పలికెను. "ఏమే, గుండుసూదులు నోట్లో పెట్టుకో."

"ఏం?"

"నీ నోట్లో సూదులున్న రోజుల్లోనే నేను ప్రశాంతంగా అన్నం తిన్నాను."

టైలర్లు అంచు మడుచునప్పుడు గుండుసూదులను పెదవుల నడుమ పట్టుకొనుట కలదు. అప్పుడు మాట రాదు, రానీయరాదు. మాట వచ్చెనా, సూదులు జారును. సూదమ్మ భర్త వంక చూచి, ఈ మనిషి ఇన్నేండ్లు ఇంత తెలివిని ఎక్కడ దాచెనా యని ఒకింత అనుమానించి, ఒక పొడవాటి గౌనును ఒడిలోనికి లాగుకొని, సూదుల డబ్బాను దగ్గఱకు చేర్చుకొనెను.

అంతట అల్లుడు వచ్చెను. ఇస్త్రీ చొక్కా, చేతిలో పండ్ల సంచి, ముఖమున ఒక బలవంతపు నిర్లక్ష్యము. "బాగున్నారా అత్తయ్యగారూ," అని, కుర్చీలో సగము మాత్రమే కూర్చుండెను, మిగిలిన సగమును పరుగెత్తుటకు ఖాళీగా ఉంచినట్లు. సూదమ్మ తల యూచి చిఱునవ్వు నవ్వెను. వెంటనే రెండు సూదులు పెదవుల నడుమ నిలిపెను.

ఆ సమయమున, పిలువని పేరంటమువలె, ఎదురింటి లెక్కల టీచరు తన స్టూలు తానే తెచ్చుకొని ప్రవేశించెను. "వదినా, ఇవాళ నీ తీర్పు రేపటిదాకా ఆగలేను. ఇక్కడే వింటాను," అని ముందువరుసలో ఆసీనురాలయ్యెను. కూతురు ముఖము పాలిపోయెను.

ఎపిసోడు మొదలయ్యెను. మొదట పాట. అందు కుటుంబసభ్యులందఱు ఎచ్చటికో తెలియకుండ మెల్లమెల్లగా నడచివచ్చిరి. పిదప సబ్బు ప్రకటన, మఱల సబ్బు ప్రకటన, పిదప నిన్నటి కథ. నిన్న ఇంటి పెద్దకొడుకు తలపై హాలులోని దీపాలగుత్తి తెగి పడినది. నేడు అందఱును ఆసుపత్రిలో నుండిరి. తలుపులన్నియు మూసిన ఐసీయూలో వారి జుట్లు పెనుగాలికి ఎగురుచుండెను. నగలు తళతళలాడుచుండెను. కోడలి కన్నీరు చెంపపై ఒకేచోట ఆగి, కాటుకను తాకక, మర్యాదగా నిలిచియుండెను.

"కిటికీల్లేని గదిలో ఇంత గాలి ఎక్కణ్ణుంచి వదినా?" అని టీచరు మొదటి బాణము సంధించెను.

సూదమ్మ మూడవ సూది పెట్టుకొనెను.

ఆపరేషను గది తలుపుపై ఎఱ్ఱదీపము ఆరెను. తలుపు తెఱచుకొనెను. డాక్టరు వెలువడెను. ఉరుము ఉరిమెను. డాక్టరు ముఖము ఎడమనుండి కనబడెను, ఉరుము. కుడినుండి కనబడెను, ఉరుము. ఎదురుగా కనబడెను, ఈసారి రెండు ఉరుములు. ఆ డాక్టరు అల్లుడే. కుర్చీలోని అల్లుడు ఊపిరి బిగబట్టి, తెరను గాక అత్తగారి ముఖమునే చూచుచుండెను.

అయ్యో, ఆమె చూచినదేమి. తెల్లకోటు. ఆ కోటు భుజములు అల్లుని భుజములను దాటి, మోచేతుల దిశగా ప్రయాణము కట్టినవి. చేతులు వేళ్ళను మ్రింగినవి. ముప్పదియేండ్లుగా భుజపుకుట్టును భుజము మీదనే నిలిపిన ఆ కళాకారిణికి, చాకుతో గాజును గీరినట్లయ్యెను. ఆ పైన డాక్టరు ఒక ఎక్స్‌రేను దీపమునకు ఎత్తిపట్టి, తల బద్దలైన రోగికై మోకాలి ఎముకను గంభీరముగా పరిశీలించి, కళ్ళజోడు తీసి, పలికెను. "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం."

అప్పుడు సూదమ్మ నోటిలో బందీయైయున్న జిహ్వ లేచి నిలిచి, ఆమెతో ఇట్లు వాదించెను. 'ఓ స్వామినీ, నేను నీకు ఏమి ద్రోహము చేసితిని? పుట్టినది మొదలు నీవు చూచినదానిని చూచినట్లు చెప్పితిని. ఉప్పు తక్కువైన తక్కువైనదంటిని. గౌను బిగుతైన, నీవే లావైతివని కొనుగోలుదారుతోనే అంటిని. నేడు నా కనులయెదుట మోకాలు తలగా చెలామణి యగుచుండ, నన్ను సూదుల కంచె వెనుక నిలిపితివి. ఒక్క మాట. పోనీ, అర మాట. పోనీ, ఒక్క "హుఁ".'

ఆ "హుఁ" పుట్టెను. గొంతు దాటెను. దవడ కదలెను. ఒక సూది మొన క్రిందిపెదవిని పొడిచెను. ఎఱ్ఱని బిందువొకటి పొటమరించెను. గడియారముల మెకానిక్కు, నలువది గడియారముల నడుమ ఏది తడబడుచున్నదో చెవితో పట్టగలవాడగుటచే, భార్య ఊపిరిలోని తేడాను పసిగట్టి, చేతిలోని అలారముగడియారమును గణగణ మ్రోగించెను. అందఱును ఉలిక్కిపడిరి. "సారీ, టెస్టు చేస్తున్నా," అని ఆయన చెప్పెను. ఆ సందడిలో "హుఁ" వచ్చిన దారినే వెనుకకు పోయెను. సూదమ్మ రక్తబిందువును చప్పరించి, కృతజ్ఞతతో భర్తవంక చూచెను. పెండ్లియైన క్రొత్తలో తప్ప ఆయన అట్టి చూపు ఎఱుగడు. కంగారుపడి గడియారమును క్రింద పెట్టెను.

"అన్నట్టు ఆ కోటు ఎవరిది వదినా?" అని టీచరు. సూదమ్మ నాలుగవ సూది. పెదవులపై ఇక చోటు లేదు.

యుద్ధము ఇట్లు నిలిచియున్న వేళ, ఎవ్వరును ఎదురుచూడని దిక్కునుండి అస్త్రము వెలువడెను. తెరపై డాక్టరు రోగి మంచమును సమీపించి, సెలైను గొట్టమును సవరించెను. సెలైను సీసా మంచముకంటె క్రిందుగా, నేలకు జానెడెత్తున వ్రేలాడుచుండెను.

"ఏమండీ, సీసా కింద పెడితే సెలైన్ ఎక్కుతుందా? రోగి రక్తమే సీసాలోకి దిగుతుంది."

ఈ మాట అనినది సూదమ్మ కాదు. కూతురు. ప్రతిజ్ఞ చేయించిన కూతురే. పగలంతయు సెలైను సీసాలు ఎత్తి కట్టిన చేతులు ఆమెకు తెలియకయే గాలిలోనికి లేచి, లేని సీసాను పైకి ఎత్తుచుండెను. తాను ఏమి పలికెనో తెలిసిన క్షణమున ఆ చేతులతోనే ఆమె నోరు మూసికొనెను.

టీచరు స్టూలుపై నుండి సగము లేచెను. అల్లుడు భార్యను చూచెను. పిదప నేలచూపులు చూచుచు, "నేనూ చెప్పాను," అనెను. "పైన కడితే ఫ్రేములోకి రావట్లేదన్నారు. సీసా కనపడాలట. మరి ఎక్స్‌రే అంటే, సెట్లో ఉన్నది అదొక్కటేనట."

"అయితే ముందే నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే నవ్వుతావని."

ప్రకటనలు వచ్చెను. ఆ సబ్బు నురుగు వెలుగులో అల్లుడు కుర్చీని పూర్తిగా ఆక్రమించి, అత్తగారి వైపు తిరిగెను. "అత్తయ్యగారూ, మీరు ఏదో ఒకటి అనండి. ఆ నాటకం తర్వాత మీరన్న మాట నెలలు నెలలు మోశాను. కానీ ఇప్పుడు మీరేమీ అనకుండా ఇలా కూర్చుంటే, అంతకంటే ఘోరంగా చేశానేమోనని భయమేస్తోంది."

సూదమ్మ నాలుగు సూదుల మీదుగా టెలివిజను వైపు వ్రేలు చూపెను. అనగా, ఎపిసోడు ముగియలేదు.

"అమ్మా, చెప్పేయ్. నేనే నోరు జారాను కదా, ఇంకా నీ ఒట్టేంటి?"

తల అడ్డముగా ఊగెను. ఇచ్చిన మాట మాటయే. అంతియ గాక, ఆమె కనుల చివర ఒక చిలిపి మెఱుపు మెఱసెను. ఇన్నాళ్ళు ఆమె మాటకు బెదరిన జనులు నేడు ఆమె మాటకై బ్రతిమాలుచుండిరి. ఇట్టి రుచిని తొందరపడి మ్రింగువారు మూర్ఖులు.

ఎపిసోడు ముగిసెను. అత్తగారి పాత్ర కనుబొమ ఎగురవేసిన చోట తెర స్తంభించెను. సూదమ్మ ఒక్కొక్క సూదిని తీసి గుడ్డదిండులో గుచ్చెను. పెదవి తుడుచుకొనెను. అందఱును ముందునకు వంగిరి.

"కోటు ఎవరిది?"

"మా దుకాణంలో కూర్చునే కళ్ళ డాక్టరుగారిది. బట్టలు మనమే తెచ్చుకోవాలన్నారు."

"ఆయన మీకు రెండింతలుంటారు. ఎపిసోడంతా నటించింది ఆ కోటే, మీరు లోపల అద్దెకున్నారు. ఆ కళ్ళజోడు తీయడం ఉందే, దుకాణంలో గిరాకీకి చూపిస్తున్నట్టుంది. ఇరవై నాలుగు గంటలన్న మాట మీకే నమ్మకం లేకుండా అన్నారు."

కూతురు కనులు మూసికొనెను. టీచరు ముఖము వికసించెను. అల్లుడు ఒక్కొక్క మాటకు తల యూచుచు, ఒక్కొక్క అంగుళము కుంగుచుండెను.

"ఇంకోటి," అని సూదమ్మ గౌనును ప్రక్కన పెట్టెను. "ఆ మాట చెప్పాక రోగి తల్లి వెనక్కి వాలిందే, అప్పుడు అందరూ కెమెరా కేసి తిరిగి నోళ్ళు తెరిచారు. మీరు మాత్రం బల్ల మీదున్న చేతిసంచి తీసి ఆవిడకి చోటిచ్చారు. అది ఎవరు చేయమన్నారు?"

అల్లుడు తెల్లబోయెను. "ఎవరూ చెప్పలేదండీ. ఆవిడకి నిజంగానే మోకాళ్ళ నొప్పులు. పొద్దుట్నుంచీ నిలబెట్టారు."

"ఆ ఒక్కచోట నేను సూది గుచ్చడం మర్చిపోయాను," అని సూదమ్మ పలికెను. "నిజం డాక్టరనుకున్నాను."

అల్లుడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకొనెను. ఈసారి దానిని ఎవ్వరికిని చూపింపలేదు.

"మళ్ళీ ఎప్పుడుంది షూటింగు?"

"సోమవారం. రోగికి ఇంకా స్పృహ రాలేదు కదా."

"కోటు పట్రండి. భుజాలు లోపలికి మడిచి కుడతాను. తర్వాత విప్పి ఇచ్చేయొచ్చు, ఆయనకి తెలియదు." ఆపై కూతురు వంక చూచి, "సీసా సంగతి మీ ఇద్దరూ చూసుకోండి," అనెను.

ఆదివారము స్కూటరు వీధిమొగన ఆగలేదు. గుమ్మము వఱకు వచ్చెను.

మఱుసటి శుక్రవారము అందఱును యథాస్థానములయందు ఆసీనులైరి. నోట సూదులు లేవు. డాక్టరు వచ్చెను, ఉరుములు వచ్చెను. కోటు భుజములు భుజములపైననే నిలిచెను. మంచమునకు పైన, కొక్కెమునకు, ఫ్రేములో సగము మెడ మాత్రమే కనబడునట్లు, సెలైను సీసా వ్రేలాడుచుండెను. "సీను మొదలయ్యే ముందు నేనే కట్టేశాను. ఎవరూ చూసుకోలేదు," అని అల్లుడు మెల్లగా చెప్పెను. కూతురు అతని మోచేతిని గిల్లెను.

"ఇంతకీ ఎలా ఉంది వదినా?" అని టీచరు అసహనముగా అడిగెను.

సూదమ్మ తెరను చూచెను. అల్లుని చూచెను. జిహ్వ తన సహజస్వభావమున అటునిటు తడిమి చూచెను, పట్టుకొనుటకు ఏదియు చిక్కలేదు.

"ఫర్వాలేదు."

ఓ జనులారా, ఈ పదము విలువ మీకు తెలియునా. ఆ వీధిలో ఏండ్ల తరబడి ఎన్ని సీరియళ్ళు పుట్టలేదు, ఎన్ని గిట్టలేదు, ఎందఱు కథానాయికలు గ్లిజరిను ధారలు కార్చలేదు. ఏ ఒక్కరికైనను ఆ నోట ఆ పదము దక్కినదా. దక్కలేదు. కనుకనే లెక్కల టీచరు తప్పుగా వింటినేమోయని చెవిని వ్రేలితో కదిలించుకొనెను. గడియారముల మెకానిక్కు కంటి అద్దము జారి ఒడిలో పడెను. దుకాణమున పగలంతయు పరుల ముక్కులపై ఫ్రేములు నిలుపు ఒక సామాన్య మానవుడు, నాలుగు ఉరుముల నటుడు, కుర్చీపై నిటారుగా కూర్చుండి, చతురంగబలములతో నాలుగు దిక్కులను గెలిచిన చక్రవర్తికిని దుర్లభమైన ఆ నాలుగక్షరముల సామ్రాజ్యమునకు పట్టాభిషిక్తుడయ్యెను.

"ఇంకొక్కసారి అనండి అత్తయ్యగారూ," అనెను చక్రవర్తి.

"అతి చేయకండి," అని సూదమ్మ దీపము వేసి, మిషను తొక్కసాగెను.